కుట్టు కనపడకూడదు

శుక్రవారం, మిల్లు కాడ
పత్తి లారీలు వరస కట్టే పొద్దుకు
మిషన్ మీద గుడ్డ కప్పి మ్యాట్నీకి పోతా.
ఆదోనిలో ఆడోళ్ల లైన్లో ఎప్పుడూ నలుగురమే.
టికెట్లిచ్చే మద్దిలేటి ముందే చెప్తాడు:
"అక్కా, ఇది నీకు నచ్చదులే."
నచ్చకపోయినా చూస్తా.
నచ్చనిదాని మీదే కదా వారమంతా మాట్లాడేది.

ముప్పైరెండేండ్లుగా జాకెట్లు కుడుతున్నా.
తెర మీద నాకు ముందు కనపడేది
మొగం కాదు, భుజం.
ఆ పిల్లకు రేషను బియ్యమే గతి అంటారు,
జాకెట్టుకేమో పైపింగు, వీపున దోరీలు,
కుట్టుకూలే పన్నెండు నూర్లయితాది.
కథను ఆన్నే వదిలేస్తి.
అది కుట్టిన దర్జీ ఎవరో,
ఆయప్ప బాకీ తీరిందో లేదో
అనుకుంటా కూచుంటి.

ప్రేమ సినిమాలో వాడు వానలో నిలబడతాడు.
మా ఊర్లో వానొస్తే
ఎవురికీ ప్రేమ గుర్తుకు రాదు,
బిందెలు బయట పెట్టేది గుర్తుకొస్తాది.
వద్దన్నా వెంటబడతాడు,
పదోసారికి ఆమె నవ్వుతాది.
నా కాడ పని నేర్చుకునే షంషాద్ వెంట
ఒకడు బస్టాండు నుంచి అంగడి దాకా
ఆర్నెల్లు తిరిగె.
ఆ పిల్ల నవ్వలే. సందు మార్చుకునింది.
దుపట్టా బిగించి
ఆ రెండో సందులో నడిచే నడకను
ఏ సినిమాలోనైనా ఒక్క నిమిషం
చూపిస్తారేమోనని కాచుకోనున్నా.

కుటుంబం సినిమాల్లో
వంతులేసుకోని ఏడుస్తారు.
వాళ్లకన్నా ముందు ఫిడేలు ఏడుస్తాది.
మా పెద్దమ్మ పోయిందని ఫోనొచ్చినపుడు
ఎవురిదో పెండ్లి జాకెట్టుకు హుక్కులు వేస్తాంటి.
ఆరో హుక్కు అయినాక ఏడిస్తి.
ఆ మధ్యలో ఫిడేలు లే, ఏమీ లే,
దారం తెంపిన చప్పుడొకటే.

ఒగటి మాత్రం… పేరు గుర్తు లేదు,
నాలుగు రోజులే ఆడింది…
బస్సులో ఒకామె చిల్లర లెక్కబెట్టుకుంటాది.
ఐదు రూపాయలు తక్కువ.
ముందు స్టాపుకే టికెట్టు తీసుకోని, ఆన్నే దిగిపోతాది.
మాట లేదు, పాట లేదు.
నా పక్కన జిన్నింగు మిల్లామె,
తలలో ఇంకా దూది పీచులు,
"మూడు కిలోమీటర్లు నడవాల" అనె,
నాతో కాదు, తెరతో.

హత్యల సినిమాలంటే నాకు పానం.
కుట్టు లోపల ఉండాల,
తిరగేస్తే తప్ప కనపడకూడదు.
ఇప్పటోళ్లు కుట్టు పైకి పెట్టి
ఎంత బాగా దాచినామో సూడు అంటారు.
మొదట నవ్వినోడే చంపినోడు.
సమోసాల దస్తగిరితో ఇంటర్వెల్లో పందెం,
ఇప్పటికి పదకొండు సమోసాలు నాకే బాకీ.
ఇంగ మా పక్క కథయితే సరి,
ఎర్ర దుమ్ము, జీపులు, కొడవండ్లు.
మా ఇంట్లో కొడవలికి
టెంకాయ పీచు కూడా తెగదు.

పోయిన నెల ఒకటి, నిజంగా బాగుండె.
ఎవురు చంపినారో నాకూ తెలీలే.
దస్తగిరి అత్త అనె, నేను కాంపౌండరంటి.
చివరి పది నిమిషాలు.
పోలీసాయన తలుపు తోయబోతాడు,
కరెంటు పాయె.
జనరేటర్లో డీజిల్ లేదంట.
ఈలలు, తిట్లు, సెల్లు లైట్లు.
సగం డబ్బులిస్తామని మద్దిలేటి అరిసె.

తెల్లారి చెప్పొచ్చినోళ్లకు చెవులు మూసుకుంటి.
షంషాద్ ఫోన్లో పెట్టిచ్చినా చూడలే.
మిషన్ తొక్కుతా తొక్కుతా
ఆ తలుపెనక మనిషిని మారుస్తాంటా.
నిన్న పాలు పోసేవాడు.
మొన్న, చచ్చిందనుకున్న ఆమే.
ఈ పొద్దు చేతులు కుట్టేటప్పుడు
ఎవురూ లేరనిపించె, ఖాళీ గది,
ఎవురో ఇప్పుడే లేచిపోయిన స్టూలు.

అత్త కాదని రుజువు చూపించేదాకా
పన్నెండో సమోసా ఇచ్చేది లేదంటాడు దస్తగిరి.