ఆరున్నర

కట్టంగూరు కాడ బ్యాటరీ సచ్చిపోయింది.
పెండ్లి పందిట్ల వెయ్యి బల్బులు వెలిగించొచ్చిన
జనరేటర్ ట్రాలీని ఎనక కట్టుకోని
దాన్ని గుంజే పికప్పు చీకట్ల నిలబడ్డది.

ఇటుకల లారీ ఆయనెవరో ఆగి
వైర్లు కలిపి స్టార్టు చేయించిండట.
ఎర్రది పోయి నల్లదానికి తగిలింది.
"ఒక్కటే మిణుకు మేస్త్రీ" అన్నడు ఇద్దయ్య,
తప్పు తనది కానట్టు,
తనదే అయినట్టు.

నకిరేకల్ బైపాసు మీద నా షెడ్డు.
ఎనకాల నిమ్మకాయల మార్కెట్టు,
పొద్దుమూకినా వాసన పోదు,
సోల్డరింగు పొగ గూడ పుల్లగనే ఉంటది.

స్టీరింగు కింద అగ్గిపెట్టె అంత డబ్బా.
ట్రాలీ బ్రేకుకు కరెంటు ఎంత ఇయ్యాల్నో
అది జెప్తది, చక్రాలు ఇంటయి.
అద్దంల ఎర్ర అంకె ఉండాల్సిన కాడ
ఉత్త చుక్క మిణుకుతుంది
ఆర్పకుండ పారేసిన బీడీ తీరు.

"డబ్బా పోయినట్టేనా? ఎనిమిది వేలంట కొత్తది."
"ఆగు. డబ్బా మీద నేరం మోపుడు అలుక."

ఫ్యూజు కాలింది. మార్చిన.
చుక్క ఆరలే.
మీటరు పెట్టిన, పన్నెండు పాయింటు ఆరు.
ఏడు కాళ్ల ప్లగ్గు ఇప్పిన.
నీలం తీగెల కరెంటు సక్కగనే ఉరుకుతుంది.
స్క్రూడ్రైవర్ మొన డ్రమ్ముకు ఆనించి సూసిన,
లోపలి మాగ్నెట్టు పట్టుకుంటే చేతికి ఒణుకు తెలుస్తది.
తెల్వలే. మొద్దు ఇనుము.

పోయే తొవ్వ బాగనే ఉంది.
తిరిగొచ్చే తొవ్వ?

దాన్ని మేం ఎర్తు అంటం.
నల్ల తీగె, ఎవ్వడు మొఖం సూడడు.
ట్రాలీ కింద ఎల్లెలకల పండి
టార్చి నోట్ల పెట్టుకోని సూస్తే
బోల్టు నిండ వెండి రంగు!
దసరాకు షావుకారు కొట్టించిన పెయింటు,
పెయింటు కింద తుప్పు.
ఇన్నొద్దులు కొండి ఇనుమే
ఎర్తు పని గూడ మోసుకొచ్చింది,
ఎవరికి జెప్పకుండ.
ఆ మిణుకుతోని దాని ఓపిక అయిపోయింది.

గరుకు కాయితంతోని గీకిన,
ఇనుము తెల్లగ తేలేదాక గీకిన.
బిగించిన.
చుక్క పోయి సున్నా నిలబడ్డది.

ఇద్దయ్య మొఖం ఎలిగి మల్ల ఆరింది.
"మాది సున్నా గాదు. వేరే అంకె."
"ఎంత?"
నాలుగేండ్ల కిందట పెట్టిండట, మల్ల ముట్టలేదట.
కరెంటు పోంగనే డబ్బా మర్సింది.
"అంకె నాకు యాది లేదు మేస్త్రీ,
కాలుకు ఎరుకైతది."

రాత్రి పదకొండు. పత్తి మిల్లు రోడ్డు ఖాళీ.
ఆయన స్టీరింగు కాడ, నా బొటనవేలు డబ్బా మీది చక్రం కాడ.
మూడు.
ట్రాలీ వీపుల నూకింది,
జాతర్ల ఎనకున్నోడు నూకినట్టు.
ఎనిమిది.
చక్రాలు బిగుసుకపోయి రోడ్డు కీసుమన్నది, రబ్బరు కమురు.
ఐదు.
"ఇంగ జర."
ఆరు.
"ఇంగ... జర."

ఆరున్నర కాడ ఏం మాట్లాడలే.
మల్ల ఉరికిచ్చి మల్ల తొక్కిండు.
ముందుదీ ఎనకదీ
ఒక్క పెయ్యి లెక్క ఆగినయి.
చెప్పు ఇప్పి, ఉత్త కాలుతోని ఇంకొకపారి తొక్కిండు.
"గిదే" అన్నడు,
తప్పిపోయిన గొర్రెను చెవికోత సూసి గుర్తువట్టినట్టు.

నీడరేకు మీద స్క్రూడ్రైవర్ మొనతోని
అంకె గీకుకున్నడు, పెద్దగ, వంకరగ.
తెల్లారితే తిప్పర్తిల ఇంకో పందిరి.
మూడు వందలిచ్చిండు, రెండు వందలు బాకీ.

షట్టరు సగం దించి బాకీల పుస్తకం తీసిన.
మార్కెట్టుకు మొదటి నిమ్మకాయల ఆటో అప్పుడే వస్తుంది.
పేరు రాద్దామని పెన్ను పెడితే
ఆరున్నర అని పడ్డది.
కొట్టెయ్యలే.