ఏ పడవకి?

ఈ ఫారో దీవుల్లో చెట్టు దానంతట అది మొలవదు.
గాలి దాన్ని తలెత్తనివ్వదు.
కొయ్య కావాలంటే సముద్రం ఇవ్వాలి,
అదీ దానికి బుద్ధి పుట్టినప్పుడు.

నాయనమ్మ ఎల్స్పా బీరువా అలా వచ్చిందే.
ఎక్కడో ఏ నదిలోనో జారి, మంచు కింద ఏళ్ళు గడిపి
సాన్వీక్ ఒడ్డున పడ్డ దుంగని
తాత డాన్యల్ గొర్రెల దడి మీద మూడు వేసవులు ఆరబెట్టాడట.
రెండు తలుపులు, ఒక సొరుగు.
వాన వచ్చే ముందు కుడి తలుపు బిగుసుకుంటుంది,
అంటే దాదాపు రోజూ.

వాటాల్లో మర్యున్‌కి గడియారం వెళ్ళింది, నాకు ఇది.
"తెల్లరంగు కొట్టెయ్, గది పెద్దగా కనిపిస్తుంది" అంది
గడియారాన్ని తువ్వాలులో చుట్టుకుంటూ.

పడవల కొట్టంలో పాత తెరచాప పరిచి
వేడిగాలి మిషన్‌తో, గీకుడు బద్దతో మొదలుపెట్టాను.
ముందు లేచింది వెన్నరంగు.
నాన్న వేసింది. మూడు బ్రష్షు వెంట్రుకలు అందులోనే సమాధి.
దాని కింద ఎరుపు.
ఎరుపు నాకు తెలుసు, మా "రీత" అడుగుకి పూసేవాళ్ళు.

ఈ ఊళ్ళో ఇంటి కోసమని ఎవరూ రంగు కొనలేదు.
పడవకి కొనేవాళ్ళు. డబ్బాలో మిగిలింది
గుమ్మానికి, ఆపైన కుర్చీకి,
ఇంకా మిగిలితే పిల్లల తోపుడుబండికి.
మా బీరువా
అన్ని పడవల ఎంగిలీ తిని పెరిగింది.

ఎరుపు కింద నీలం. దాని కింద ఇంకో నీలం,
చేపకి ధర పడిపోయిన ఏడాది కాబోలు, బాగా పల్చన.
వేడికి పొర ఉబ్బి, ముడుచుకుని,
చేపనూనె వాసనతో నేలరాలింది.

అప్పుడొచ్చింది ఆకుపచ్చ.

ఆ పచ్చ నాకెవరూ చూపించలేదు.
మా ఇంట్లో పచ్చ స్వెటరు ఉండేది కాదు.
ఎవరో పచ్చ కప్పు బహుమతిగా ఇస్తే
నాయనమ్మ దాన్ని కోళ్ళ నీళ్ళకి పెట్టింది.
అడిగితే "నాకు నప్పదు" అనేది, అంతే.

ఎడమ తలుపంతా పచ్చ.
కుడి తలుపు మీద సగం దాకానే.
బ్రష్షు అక్కడ ఆగింది.
జారిన ఒక చుక్కని ఎవరూ తుడవలేదు,
ఆ చుక్క ఇంకా జారుతూనే గట్టిపడి ఉంది.

తొంభై దాటిన హైని, దారిన పోతూ లోపలికి తొంగి చూసి
టోపీ తీశాడు.
బీరువాకి టోపీ తీసిన మనిషిని నేనదే చూడ్డం.
"డాన్యల్ తమ్ముడి పడవ" అన్నాడు.
"అయిదుగురు. మార్చి నెల."
టోపీ పెట్టుకుని గొర్రెల వైపు వెళ్ళిపోయాడు.

బద్ద కింద పెట్టాను. ఎత్తాను. మళ్ళీ పెట్టాను.
సొరుగు లాగి బోర్లించాను.
దాని అడుక్కి ఎప్పుడూ ఎవరూ రంగు వెయ్యలేదు.
సముద్రపు పురుగు తొలిచిన సొరంగాలు,
పెన్సిలు పట్టేంత.
ఊదితే సన్నని ఇసుక రాలింది.
కొయ్య దాకా వెళ్తే ఏదో తేలుతుందనుకున్నాను.
కొయ్యే పరాయి ఊరిది, దాని గోడు దానికుంది.

నాకు పడవ లేదు.
ఫెర్రీ కిటికీ దగ్గర టికెట్లు అమ్ముతాను.
సోమవారం రేవు దుకాణానికి వెళ్ళి
బూడిదరంగు అడిగాను.
ఆ సగం తలుపు వదిలేస్తే చిన్న డబ్బా సరిపోతుందని
ఇంటి దగ్గరే కొలత వేసుకున్నాను.

"ఏ పడవకి?" అంది బిల్లా, అలవాటుగా,
బిల్లు పుస్తకం తెరుస్తూ.

వెంటనే నోట మాట రాలేదు.
"రెండు తలుపులదానికి" అన్నాను.
నవ్వుతుందనుకున్నాను.
అలాగే రాసుకుంది.
చిన్న డబ్బా పక్కకి జరిపి
పెద్దది నా ముందు పెట్టింది.

"కొంటే
మిగిలేట్టు కొనాలి."