గడి లేదు

శంభువానిపాలెం, జీడితోట అంచు.
తెల్లారగట్ల నాలుక్కి బొగ్గుగాడు మొరిగాడు,
తర్వాత మొరగలేదు.

టార్చి పట్టుకుని వెళ్తే
కంచెకి ఇవతల నిలబడి ఉన్నాడు, ఊరికే నిలబడి.
పక్కటెముకల కింద
బొటనవేలు దూరేంత కన్నం.
నన్ను చూసి తోక ఊపాడు
తప్పు చేసినట్టు.

కొండ దిగొచ్చిన కణుజు
పొదలో పిల్లని దాచుకుందట.
గడ్డి తినే నోరే కదా అనుకున్నాం,
డెక్కల సంగతి ఎవరం అడగలేదు.

తువ్వాలు చుట్టి, సూరపడు ఆటోలో
హనుమంతువాక దాకా ఒళ్ళోనే.
సిగ్నల్ దగ్గర స్కూటరావిడ ముక్కు మూసుకుంది.
పదకొండు కుట్లు.
"చిరుతేమో అనుకున్నానమ్మా" అన్నాడు డాక్టరు.

మర్నాడు గార్డు వచ్చాడు.
మీ కుక్క కణుజుని కరిచిందా?
కరిస్తే జరిమానా, ఇక్కడ వేలిముద్ర.
కాయితం తిరగేసి చూశాను:
కణుజు కుక్కని తంతే
రాసుకోడానికి గడి లేదు.
"పిల్ల బతికిందా?" అన్నాను.
అతనికీ తెలీదు.

ఇప్పుడు ఎండుటాకు కదిలినా
బొగ్గుగాడు మంచం కిందే.
నిన్న రాత్రి కంచె దగ్గర
వాడి బదులు నేనే అదిలించాను.

చీకట్లో ఓ కాలు
నేలని కొట్టింది,
ఒక్కసారి.