అర డిగ్రీ

ముందు నా సంగతి చెప్పేస్తాను,
దాచుకునేంత పెద్దదేం కాదు.
గుంటూరు, ఏటుకూరు రోడ్డు, కోల్డ్ స్టోరేజీలో మూడో ఛాంబరు.
పేరు సైదులు. కంప్రెసర్ ఆపరేటర్ని.
వాల్వు బిగించబోయిన రాత్రి
అమ్మోనియా నన్ను బిగించింది.
అప్పట్నుంచీ ఇక్కడే,
తేజ టిక్కీల వరసకీ గోడకీ మధ్య జానెడు సందులో,
చచ్చినా తీరని చలితో.

ఆమె సువార్త.
పగలంతా యార్డు పక్క షెడ్డులో తొడిమలు తీస్తుంది, కిలోకింతని.
తోటి ఆడాళ్ళు రాత్రుళ్ళు చేతులు మజ్జిగలో ముంచుకుని ఏడుస్తారు.
సువార్త వాళ్ళ అరచేతుల మీద అరచెయ్యి ఆనిస్తుంది,
గుడ్డ పిండితే నీళ్ళొచ్చినట్టు
మంట ఇవతలకొచ్చేస్తుంది.
పసిపిల్లల జ్వరాలూ అంతే.
రోహిణిలో పాలబ్బాయికి తగిలిన వడదెబ్బా అంతే.
ఎవరూ దాన్ని మహిమ అనలేదు.
"దాని చెయ్యి చలవ" అన్నారు,
కూలి మాత్రం పెంచలేదు.

తీసిన మంట ఎక్కడికి పోతుందో
ఒక్కళ్ళూ అడగలేదు.
ఒంట్లోనే ఉంటుందట. తెల్లారేలోగా దించుకోవాలట.
ఇదివరకు బిందెలో చేతులు పెట్టేది,
నీళ్ళు కుతకుతలాడేవి,
ఆ నీళ్ళలోనే బియ్యం పోసుకునేది.
"గ్యాసు అయిపోయిన నెల ఎంత సుఖపడ్డానో" అని నవ్వింది.
పాస్టరుగారికి చెప్పావా అంటే
"దేవుడికి తెలుసు, ఆయనకి తెలీదు" అంది.

ఒక రాత్రి లోడింగులో లెక్క రాయడానికొచ్చి
సందులో నన్ను చూసింది.
జడుసుకోలేదు.
"ఏందయ్యా, పెదాలు అట్టా నీలంగా ఉన్నాయి?"
మూడేళ్ళలో నాతో ఎవరైనా ఆడిన మొదటి మాట.
చేతులు చాచింది.
నలభై మంది ఆడాళ్ళ మంట
నా పక్కటెముకల్లోకి దిగింది.

ఇక రోజూ.
వాచ్‌మన్ బ్రహ్మయ్య బీడీ ముట్టించుకునే వేళ చూసి.
ఏది ఎవరిదో చెప్పి మరీ ఇచ్చేది:
ఇది కోటేశ్వరమ్మది, కొత్తగా చేరింది, తెలీక కళ్ళు నలుపుకుంది.
ఇది ఆనందపేట పిల్లాడి టైఫాయిడు, మెల్లిగా తీసుకో, వారం రోజులది.
ఇది ఒకడి కోపం.
కోపం కూడా వచ్చేస్తుందని నాకూ ఇవాళే తెలిసింది.
(కోపం ఇంగువ వాసనేసింది.)

నాకు ముందు నీడ మొలిచింది.
తరవాత గోళ్ళలో కాస్త ఎరుపు.
ఒకసారి తుమ్మాను.
చచ్చినవాడికి మిరప ఘాటేంటని
ఇద్దరం నోళ్ళు నొక్కుకుని నవ్వాం,
బ్రహ్మయ్య వినకుండా.

పోయిన మంగళవారం రాలేదు.
బుధవారం రాలేదు.
గురువారం గోడ పట్టుకుని వచ్చింది.
ఊళ్ళో అందరి జ్వరాలూ తీసే చేతికి
తన జ్వరం అందదు.
ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు నాకు.

నుదురు ముట్టుకున్నాను.
నేనై నేను ముట్టుకోవడం అదే మొదలు,
ఇన్నాళ్ళూ ఆమె పెట్టేది, నేను పుచ్చుకునేవాణ్ణి.
నా మూడేళ్ళ చలి,
ఎందుకూ కొరగాదని నేనే తిట్టుకున్న చలి,
మొత్తం ఆ నుదుటికి సరిపోయింది.
గోనెపట్టా పైకి లేపబోతే
లేచింది! బరువు తెలిసింది చేతికి.
కప్పాను.

తెల్లవారుజామున కళ్ళు తెరిచి
"నీకు చెమట పట్టింది" అంది.
కొంగుతో తుడవబోయి,
ఆగి,
"ఉండనీలే" అంది.

పొద్దున డ్యూటీకొచ్చిన కుర్రాడు మీటరు చూశాడు.
మూడో ఛాంబరు, అర డిగ్రీ ఎక్కువ.
లాగ్‌బుక్కులో కారణం అన్న గడి మీద
కాసేపు పెన్ను ఆడించి
"తలుపు సరిగా పడలేదు" అని రాసి
టీకి వెళ్ళిపోయాడు.