తేదీ పక్కన చుక్క

ఉలి ఆపి అడిగాడు రాతిపని అలోజీ:
"ఇంకా అవిసెపొట్టు నెలే కదమ్మా నడుస్తోంది,
ఆకురాలు నెలకి వారం పైనే ఉంది.
రాని తేదీని రాతిమీద ఎలా చెక్కేది?"

మా అమ్మమ్మ గెనొవేఫా
చేతిసంచిలోంచి కాగితం మళ్ళీ తీసి చూపించింది.
14. లిస్తొపాదా.
"ఇలాగే చెక్కు. చుక్కతో సహా."

పొప్రాద్ ఏటి ఒడ్డున మా ఊళ్ళో
లిస్తొపాద్ అంటే నవంబరు.
తాత పుట్టిన పొజెగాలో అదే మాట అక్టోబరు.
రెండుచోట్లా ఆకు రాలడమే,
రెండుచోట్లా అవే అక్షరాలు.

వాళ్ళు కలిసింది చెక్ దేశంలో, హాప్ తీగల కోతల్లో.
జిగురంటిన వేళ్ళతో ఆవిడ అంది:
"కొడవలి నెల కదా, అందుకే ఈ వేడి."
"కొడవలి పోయిన నెలే దాటిపోయింది,
ఇది బండి తోలే నెల" అన్నాడు వ్యెకొస్లావ్.
తొలి మాటలే తగువు.
తోటవాడు మాత్రం అమ్మమ్మ పక్షం.
అక్కడా ఆగస్టే కొడవలి.

మరుసటి ఏడు పెళ్ళికి రమ్మని ఉత్తరం రాసింది,
లిండెన్ పూల నెల, పదో తేదీ అని.
రాసిన చేతికి అది జూలై,
చదివిన కంటికి జూన్.
కొత్త బూట్లు, మూడు సీసాల ప్లమ్ సారా,
ఒక అట్టపెట్టెతో రైలు దిగాడు పెళ్ళికొడుకు.
స్టేషన్లో ఎవరూ లేరు.
అడుగుతూ అడుగుతూ ఇల్లు చేరితే
పెళ్ళికూతురు నిచ్చెన మీదుంది,
తలకి గుడ్డ, ముక్కు మీద సున్నం.

ముత్తవ్వ అతణ్ణి ఎగాదిగా చూసి
"వచ్చినవాడు ఎలాగూ వచ్చాడు,
గడ్డి కోతకి మనిషి తక్కువే" అంది.
నెల రోజులు గడ్డి కోశాడు.
చేతులు బొబ్బలెక్కాయి, నోటికి భాష ఎక్కింది.
రోజూ పొద్దున్నే లిండెన్ కింద నిలబడి
"ఇది ఏ నెలో మీ చెట్టుకి చెప్పలేదా ఎవరూ?"
అని మొగ్గల్ని కసిరేవాడట.
ఆ నెల లేకపోతే పెళ్ళి జరిగేదే కాదు, అంటుంది అమ్మమ్మ.
ఎందుకో చెప్పదు.

నలభయ్యేళ్ళు ఒక వంటింట్లో రెండు కేలండర్లు.
ఫిబ్రవరికి ఆవిడ పెట్టిన పేరు కోపిష్టి,
నవంబరుకి ఆయన పెట్టిన పేరు చలి.
కరెంటు బిల్లు ఒకసారి ముందు, ఒకసారి ఆలస్యం.
"మాది దక్షిణం,
పేర్లు కాలినడకన కొండలెక్కి మీ దాకా రావాలంటే
నెల పట్టదా మరి!" అనేవాడు తాత.
"ఆకులు ముందు రాలేది మా దగ్గరే కదా,
మరి మాట ఎందుకు వెనకబడింది?"
దానికి ఆయన దగ్గర జవాబు లేదు,
గ్లాసులో ఇంకో వేలెడు పోసుకునేవాడు.

"ఇక్కడ బతికినన్నాళ్ళూ మన నెలల్లో బతికాడు,
పోవడం మాత్రం తన నెలలో పోయాడు" అంది అమ్మమ్మ.
వాళ్ళ ఊళ్ళో అంకె పక్కన చుక్క పెడతారు,
మా ఊళ్ళో పెట్టరు.
అంతకుమించి తేడా లేదు రాతిమీద.
అలోజీ కాసేపు ఆలోచించాడు.
"చూసినవాళ్ళు నా ఉలి జారిందనుకుంటారు."
"అనుకోనీ."

ఇప్పుడు ప్రతి ఏడూ నవంబరు పద్నాలుగున
చర్చి గాయకులు, తేనెటీగల సంఘం వాళ్ళు
గాజు దీపాలు పట్టుకుని వస్తారు, నెల ఆలస్యంగా.
అమ్మమ్మ ఎవరినీ సరిదిద్దదు.
అక్టోబరులో ఒక్కతే వెళుతుంది.
నన్ను రానిచ్చింది ఈసారి.

రాత్రి వాన కురిసింది.
రాయి అప్పటికే ఆరింది, ఆ చుక్కలో తప్ప.
లిండెన్ ఆకు ఒకటి తేదీకి అడ్డంగా పడి ఉంది.
తీయబోయాను.
"ఉండనీ" అంది,
"సరైన నెలలోనే పడింది."