వింటికీ నిద్దర కావాల

అమాస ముందు మూడు రోజులు
నాయన మాటలు తగ్గిస్తాడు.
గొడ్డలి ఇంటికాడ నూరడు,
నూరితే అడివి వింటాదంట.
బైర్లూటి దాటి, వాగు ఇసకలో
మొన్నటి పులి అడుగు పక్కన తన అడుగేసి
తడ చెట్టు కాడికి పోతాడు.
ఎద్దును బేరమాడేవాని మాదిరి
మాను మీద అరచెయ్యి ఆనిస్తాడు.
కొమ్మ వంచి, వదిలి,
తన చోటికి ఎట్ల తిరిగొస్తాదో చూస్తాడు.
మెల్లగా వచ్చేది వద్దు.
వచ్చినాక కూడా వణికేది అసలే వద్దు.
పది చూసి ఒకటి కొడతాడు,
కొట్టినచోట ఇంత తడిమన్ను మెత్తుతాడు.

నాలుగు నెలలు పొయ్యి మీద అటకలో
పొగ తాగతాది ఆ కర్ర.
అమ్మ వండిందంతా దానికి తెలుసు,
జొన్న సంగటి, చింతచిగురు,
అడివిగడ్డలు దొరికిన రోజు గడ్డలు,
దొరకని రోజు ఉత్త కాగిన నీళ్ళు.

ఆ తర్వాత బాడిసె. ఆ తర్వాత కత్తి.
ఆ తర్వాత పగిలిన సీసా పెంకు.
పొట్ట వైపే గీకుతాడు, వీపు ముట్టడు.
"వీపు చెట్టు చేసింది, పొట్ట మనం చేసుకునేది."
ఒక్క పొర ఎక్కువ పోతే
నాలుగు నెలల పొగ మళ్ళీ పొయ్యిలోకే.
పోయింది కూడా, నా పెండ్లి అయిన ఏడాది.
ఆ విరిగిన ముక్కతోనే అమ్మ
ఈ పొద్దుకీ సంగటి కెలుకుతాది.

అమ్ములు నా పని.
సన్న వెదుర్లకు నిప్పుల సెగ చూపించి
ఒక కన్ను మూసి, వంకర యాడుందో పట్టుకొని
పంటి కింద పెట్టి సరిచేస్తా.
నలభై ఏరితే పదకొండు నిలబడతాయి.
ములుకులు ఆత్మకూరులో కంబగిరాచారి
లారీ కమాను పట్టీలు సాగగొట్టి ఇస్తాడు.
ఇప్పుడు మొద్దువే ఇస్తాడు,
మేకుకు యాలాడేదానికి పదునెందుకు పాపా, అని.

వేట లేదు.
చెక్‌పోస్టు కాడ బోర్డు నేనే చదివి చెప్పినా.
నాయన విని "సరే" అన్నాడు,
మళ్ళా గీకుడు మొదలుపెట్టినాడు.

కర్నూలు సారు ఒకాయన కారాపి ధర అడిగితే
నాయన ధర చెప్పలా.
"ఏ చెయ్యి వాటం సారూ?"
గోడకేసుకునేదానికి వాటమేందని నవ్వినాడాయన.
నాయన ఆయన చెయ్యి చాపమని
భుజం కాన్నుంచి జానలేసుకుంటా పోయి
కొట్టంలోంచి మూడోది తెచ్చినాడు.
అంత పొడుగు చేతికి అదే సరిపోతాదంట.
"తాడు దించి పెట్టు సారూ.
ఎక్కించి పెడితే దానికి నిద్దరుండదు.
తెల్లార్లూ వంగే ఉంటే
కావాల్సిన పొద్దు లేవలేదు."
తాడుంటేనే కదా అందమని ఆయన
ఎక్కించే తీసుకపోయినాడు. నాలుగు నూర్లు.

శనివారం రేషనుకు పోతే
నాయన బొటనవేలు మిషనుకు ఆనలా.
డీలరు నిమ్మచెక్క రుద్దినాడు,
కొబ్బరినూనె రాసినాడు, తన పంచెకే తుడిచినాడు.
గీతలుంటే కదా.
ఇన్నేండ్లు పెంకు పట్టి గీకినప్పుడు
కర్ర పొట్టుతో పాటు అవీ రాలిపోయినట్టుండాయి.
"ఈదన్నా, నువ్వు నువ్వు కాదంటాంది ఇది."
నాయన వేలు వెలుతురుకు తిప్పి
ఒక కన్ను మూసి చూసుకున్నాడు,
అమ్ములో వంకర ఎతికినట్టు.
"నున్నగనే వచ్చిందే" అన్నాడు.
నా వేలు పెట్టి బియ్యం తెచ్చుకున్నాం.

రాత్రి పొయ్యి ఆరినాక
అటక మీద మూడు కర్రలు,
తాళ్ళు లేకుండా, వాటి పాటికవి.
కింద నాయన గురక.
కర్నూల్లో ఏ వీధో నాకు తెలీదు,
ట్యూబులైటు పక్కన గోడకు
ఆ సారు చేతి కొలతకు వంగి
మేలుకొనే ఉంటాది అది.