ఐదో మనిషి

విశాఖ ఫిషింగ్ హార్బర్, తెల్లారి ఐదున్నర.
నా యాప్ ఇంకా కాగితాల మీదే ఉంది.
పెన్సిల్ గీతల తెరలు, స్కెచ్ పెన్ బటన్లు.

నలుగురు మర్యాదకి బాగుందన్నారు.
ఐదో మనిషి మైలపల్లి దానమ్మ.
ఏమీ చెప్పకూడదు, చూస్తూ ఉండాలంతే
అని మేడం మరీ మరీ చెప్పింది.
నాలిక కరుచుకుని నిలబడ్డాను.

ఆకుపచ్చ బటన్ని ఆమె చూడనేలేదు.
పొలుసులంటిన బొటనవేలు
తిన్నగా వంజరం బొమ్మ మీదికెళ్లి
చెంప దగ్గర ఆగి
కాగితాన్ని గోటితో ఎత్తబోయింది.

"మొప్పేదే పాపా?
ఎరుపు సూడకుండా ఎవులు కొంతారు?"

మూడు వారాల రంగులు,
పదకొండు ఫాంట్లు.
కాగితం చిరిగింది.

ఆ చిరుగుని
మద్దిలపాలెం హాస్టల్ గోడకి అంటించాను.
మొదటి తెర అక్కణ్ణించే గీయాలి.

నీచు వాసనని
రూమ్మేట్ తిడుతోంది.